ఎత్తిన మోటారు పొద్దుటికి ఎందుకు దిగుతోంది?

ప్రశ్న: లక్నవరంలో నడిచే మా బోటుకు 60 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బయట బిగించే ఇంజిన్) ఉంది. స్విచ్ నొక్కితే బాగానే లేస్తుంది. రాత్రి పైకెత్తి పెడితే పొద్దున నీళ్లలో ఉంటోంది. మోటారును ఆయిల్ ఒత్తిడితో ఎత్తే టిల్ట్ పంపు మార్చాలంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ములుగు

జవాబు: పంపు జోలికి అప్పుడే పోకండి. అంత బరువు తడబడకుండా లేస్తోందంటే పంపు బాగున్నట్టే. ఎత్తాక నిలబెట్టేవి వాల్వులు, సీళ్లు.

ముందు మాన్యువల్ రిలీజ్ స్క్రూ చూడండి. బ్రాకెట్ పక్క రంధ్రంలో, మైనస్ స్క్రూడ్రైవర్ పట్టే గాడితో ఉంటుంది. బ్యాటరీ దిగినప్పుడు మోటారును చేత్తో ఎత్తడానికి దాన్ని వదులు చేసి, తర్వాత బిగించడం మరిచిపోతుంటారు. కుడివైపు తిప్పి బిగించండి, మరీ బలం పెట్టొద్దు. మోటారు ఎత్తి, టిల్ట్ సిలిండర్ నుంచి బయటికొచ్చిన రాడ్డు పొడవు టేపుతో కొలవండి. పొద్దున కూడా అంతే ఉంటే పని అయిపోయింది.

తగ్గితే ఆయిల్ చూడాలి. మోటారు పూర్తిగా ఎత్తి, టిల్ట్ లాక్ (ఎత్తిన మోటారు దిగకుండా ఆపే మీట) వేసి, కింద మొద్దు ఆనించాకే టిల్ట్ ఆయిల్ మూత విప్పండి. దించి ఉండగా విప్పితే ఆయిల్ మొహాన చిమ్ముతుంది. మట్టం రంధ్రం కింది అంచుదాకా ఉండాలి. తక్కువైతే మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయండి. చాలా మోటార్లకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సరిపోతుంది, హన్మకొండ ఆటో స్పేర్స్ షాపుల్లో దొరుకుతుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. మూత బిగించి, కాసేపు ఆగుతూ నాలుగైదు సార్లు పూర్తిగా ఎత్తి దించితే గాలి పోతుంది. మళ్లీ మట్టం చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టు. పైపైన పోసి లాభం లేదు.

ఆయిల్ నిండుగానే ఉండి, బయట చెమ్మ కూడా లేకపోతే లీకు లోపలే. రిలీజ్ వాల్వు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) తెగి ఉండొచ్చు, ఆయిల్‌ను ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వులో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు. ఎండాకాలం నీళ్లు తగ్గి మోటారు కాలు బండకు గట్టిగా తగిలి ఉంటే సిలిండర్ పిస్టన్‌లో దెబ్బ తగిలినప్పుడు తెరుచుకునే షాక్ వాల్వులనూ అనుమానించాలి. ఓ-రింగు తక్కువ ఖర్చు, ముందు అదే మార్చండి.

ప్రశ్న: స్విచ్ నొక్కితే టక్‌మంటుంది, మోటారు లేవదు. – ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ముందు బ్యాటరీ చూడండి. నొక్కి ఉంచినప్పుడు వోల్టేజి 10 కంటే కిందికి పడితే బ్యాటరీయో, తుప్పుపట్టిన టెర్మినలో కారణం. అది బాగుంటే టిల్ట్ మోటారు (పంపును తిప్పే చిన్న కరెంటు మోటారు) రెండు వైర్లను రిలే (స్విచ్ నొక్కితే దానికి కరెంటు పంపేది) నుంచి విడదీసి, నేరుగా బ్యాటరీకి తాకించండి. వైర్లు అటూఇటూ మారిస్తే వ్యతిరేక దిశలో తిరగాలి. తిరిగితే రిలే మార్చండి, తిరగకపోతే కార్బన్ బ్రష్‌లు చూపించండి.