ఏటి శీలావతి, చెరువు శీలావతి

చిట్టితల్లీ,

ఏటి శీలావతి చేపనీ చెరువు శీలావతినీ కోసి, కండలో ఏముందో పోల్చడమే నీ ప్రాజెక్టని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంగానే ఉందే. కొవ్వు తీయడానికి క్లోరోఫామ్ అనగానే మాత్రం గుండె ఝల్లుమంది. దాని సంగతి చివర్లో.

తేమకి 105 డిగ్రీల ఓవెన్, మాంసకృత్తులకి కెల్డాల్ పద్ధతిలో తేలిన నైట్రోజన్ ఇంటూ 6.25, బూడిదకి 550 డిగ్రీలు. ఇవన్నీ నీకు తెలిసినవే.

కొల్లేట్లో దొరికిందల్లా సహజంగా పెరిగిన చేప అనుకోకు. వరదకి గట్లు తెగితే చెరువు చేపలు అందులోకే చేరతాయి. పొట్ట కోసి చూడు. చెరువు శీలావతికి పేగుచుట్ల మధ్య తెల్లటి కొవ్వు పేరుకుని ఉంటుంది, పేగులో తవుడు, నూనె తీసిన గింజల చెక్క. ఏటిదానికి నాచు, కుళ్లిన ఆకు, బురద. రెండూ ఒకే బరువువి, ఒకే నెలలో పట్టినవి తీసుకో. వానాకాలం గుడ్లకి కొవ్వంతా కరగబెట్టుకున్న తల్లిచేపని చెరువు పిల్లచేప పక్కన పెడితే అది పోలికెలా అవుతుంది? ముక్క కూడా అంతే. వీపురెక్క కింద, పక్కగీతకి పైన, తోలు తీసి కొయ్యి. పొట్టముక్కలో కొవ్వు ఎక్కువ.

రక్తం చూస్తావా? రాత్రంతా వలలో కొట్టుకున్న చేపలో గ్లూకోజు, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగిపోతాయి. విసురువల చేపే తీసుకో, వెంటనే సూది పెట్టు.

ఇక అందరూ చేసే పాత తప్పు, శాతాల మోసం. ఏటి చేప కొవ్వులో ఒమేగా-3 అనే మేలైన కొవ్వు 12 శాతం, చెరువుదాంట్లో 6 అని వచ్చిందనుకో. "ఏటిది రెండింతలు మేలు" అని రాసేస్తారు. ఆగవే! ఏటిదాంట్లో వంద గ్రాముల కండకి కొవ్వు గ్రామున్నర, చెరువుదాంట్లో నాలుగు గ్రాములైతే? మొదటిది 0.18 గ్రాములు, రెండోది 0.24. కంచంలో చెరువు చేపే గెలిచింది! తవుడూ చెక్కా తిన్నందుకు దానికి లినోలీక్ ఆమ్లం, అంటే ఒమేగా-6 రకం కొవ్వు, ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ శాతం పక్కన గ్రాములు లేని పట్టిక పట్టికే కాదు. కొవ్వు పెరిగితే తేమ తగ్గుతుంది కాబట్టి పచ్చి బరువు లెక్కా, ఎండు బరువు లెక్కా అన్నది ప్రతి గడి మీదా రాయి.

క్లోరోఫామ్, మెథనాల్ 2:1 కలిపేది విషపు ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే. అది పనిచేయని రోజు ఆ పని ముట్టుకోకు, ఎవరు తొందరపెట్టినా సరే. కొవ్వు లాగే గాజు పరికరం సోక్స్‌లెట్‌లో ఇట్టే అంటుకునే పెట్రోలియం ఈథర్ ఉండగా దగ్గర్లో మంట వద్దు. రాత్రిళ్లు ఒక్కదానివే ల్యాబులో కూర్చుంటే మాత్రం ఊరుకోను.

మిగిలిన ముక్కలు హాస్టల్లో వండుకోకండి, ల్యాబు కత్తి తగిలినవి తినేవి కావు. ఆదివారం ఇంటికి రా, పులుసుకి వేరే చేప తెస్తాను.

మీ పెదనాన్న