కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప వేస్తే తగ్గుతుందా?

దుంప ఉప్పును ఒక్కదాన్నే లాగేయదు. అది పీల్చేది ఉప్పునీళ్లనే, కాబట్టి ముక్కలు తీసేశాక మిగిలిన పులుసు దాదాపు అంతే ఉప్పగా ఉంటుంది. ముక్కలు కూరలోనే ఉంచితే మాత్రం కూర పెరిగి కాస్త సర్దుకుంటుంది.

అసలు విరుగుడు కూరను పెంచడమే. పప్పైతే గుప్పెడు కందిపప్పు ఉప్పు లేకుండా విడిగా ఉడికించి, మెదిపి కలపండి. నా అనుభవంలో ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. పులుసైతే వేడినీళ్లు పోయండి. మరీ పలచబడితే చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి మరిగించండి. వేపుడైతే పుట్నాల పొడో, కొబ్బరి కోరో చల్లండి.

బెల్లం, చింతపండు వేస్తే నాలుకకు ఉప్పదనం అంతగా తెలియదు గానీ ఉప్పు అలాగే ఉంటుంది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే దయచేసి అలా సర్దిపెట్టకండి.