జోకు గుర్తుంది, షాపు గుర్తులేదు

మీరు అడిగింది ఇదీ: హనుమకొండలో అక్కతో కలిసి ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ప్రచారానికి ముప్పై వేలు పక్కన పెట్టుకున్నారు. జనానికి గుర్తుండిపోవాలి, అమ్మకాలూ రావాలి, ఎలా అని.

నేను ఇక్కడే 14 ఏళ్లుగా ఫ్లెక్సీలు, పాంప్లెట్లు, ఆటో మైకు ప్రచారం చేసుకుంటూ బతుకుతున్నాను. గుర్తుంటే చాలు, అమ్మకం దానంతట అదే వస్తుందని చాలాకాలం నేనూ అనుకున్నాను. ఆ భ్రమ ఒక కొత్త బట్టల షాపు దగ్గర వదిలింది.

ఆ షాపుకు ఆటో ప్రచారం కోసం అత్తా అల్లుళ్ల మాటల్లో తొంభై సెకన్ల స్కిట్ రాశాను. అచ్చం మన యాసలోనే. "బట్టలు పెడ్తనంటివి కదత్తా, గిదేంది దస్తీ ఇచ్చినవ్?" అంటాడు అల్లుడు. "కొన్నప్పుడు పంచెనే అల్లుడా, ఒక్కసారి పిండితే గింతయింది" అంటుంది అత్త. అలా సాగి సాగి, చివర్లో షాపు పేరు, అడ్రసు. వారం తిరిగేసరికి మా గల్లీ పిల్లలు ఆ మాటల్ని ఒకరి మీద ఒకరు వేసుకుంటున్నారు. హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క టేబుల్ మీద అదే జోకు. నా అంత రచయిత లేడని కాలర్ ఎగరేశాను.

పదో రోజు ఓనర్ ఫోన్ చేసి "అందరు నవ్వుతున్రు, మరి షాపుకెందుకొస్తలేరు?" అన్నాడు. ఇద్దరం కలిసి నలుగురైదుగురిని అడిగాం, ఆ మాటలు ఏ షాపువి అని. ఒక్కరు తప్ప అందరూ చౌరస్తాలో ఉన్న పాత పెద్ద షాపు పేరు చెప్పారు. ఆయన నా మొహం చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మర్నాడు రోడ్డు పక్కన నిలబడి, ఆటో వచ్చేటప్పుడు, పోయేటప్పుడు వాచీ చూసుకున్నాను. నిలబడ్డ మనిషికి మాట స్పష్టంగా వినిపించేది గట్టిగా పదిహేను సెకన్లు. నేను షాపు పేరు పెట్టింది ఎనభై అయిదో సెకనులో. ఆ కాసేపట్లో జోకు విన్నవాడికి పేరు వినపడదు, పేరు విన్నవాడికి జోకు తెలియదు. ఇంకో పెద్ద తప్పు కూడా ఉంది. ఆ జోకు ఏ షాపుకు తగిలించినా సరిపోతుంది. నా క్లయింటు అందులో ఎక్కడా లేడు. పైగా జనం బుర్రలో మిగిలింది గుడ్డ కుదించుకుపోతుందన్న మాట!

అప్పటినుంచి ఏ ఐడియా వచ్చినా ఒక పరీక్ష పెడుతున్నాను. షాపు పేరు తీసేసి ఎదురు షాపు పేరు పెట్టి చదువుతాను. అప్పుడు కూడా బాగానే ఉందంటే చింపేస్తాను.

ఇప్పుడు అమ్మకం తెచ్చిన పని సంగతి. వరంగల్ కాశిబుగ్గ దగ్గర కారం, పసుపు పట్టే ఒక గిర్ని ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే సీజన్ అంటే వాళ్లకు పండుగే. మన దగ్గర ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించుకుంటారు కదా. రంగుకు చపాట, ఘాటుకు తేజ, ఎవరి పాళ్లు వాళ్లవి. (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు 2025లో వచ్చింది మన చపాటకే.) ఆ గిర్ని ఓనర్ నా దగ్గరికి వచ్చి పెద్ద ఫ్లెక్సీ కావాలన్నాడు. మధ్యలో తన ఫోటో, పైన నాయకుల ఫోటోలు, కింద "నాణ్యతకు మారుపేరు". ఊళ్లో సగం షాపులు నాణ్యతకు మారుపేరే అన్నాను. నొచ్చుకున్నాడు.

వెంటనే ఫ్లెక్సీ కొట్టకుండా రెండు మధ్యాహ్నాలు గిర్ని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ ఆడవాళ్ల మాటలు విన్నాను. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది రేటు కాదు. "ముందుగాల ఎవరిది పట్టిన్రు?" అని. తర్వాత "మా కాయ మాకే వస్తదా?" అని. సంచి చేతికొచ్చాక ఎత్తి చూసి "గింతేనా?" అని. అంటే వాళ్ల అనుమానాలు మూడు: ముందటి వాళ్ల పొడి కలుస్తుందని, కాయ మారుస్తారని, తూకంలో కొట్టేస్తారని.

విచిత్రం ఏంటంటే ఆ ఓనర్ కారానికి, పసుపుకు వేర్వేరు మిషన్లు పెట్టాడు. ఒకరిది అయ్యాక దులిపి కానీ ఇంకొకరిది పొయ్యడు. ఇవన్నీ ఏళ్ల తరబడి చేస్తున్నాడు, ఎవరికీ చెప్పలేదు. ప్రచారానికి కావలసిన సరుకు అక్కడే ఉంది, నేను కొత్తగా పుట్టించాల్సిందేమీ లేదు.

బోర్డు మీద ఒకే వాక్యం రాయించాను: "మీ కాయ, మీ ఎదుట, దులిపిన మిషన్‌లో." ఫోటోలు లేవు. అసలు పని చేసింది మాత్రం బోర్డు కాదు, చీటీ. అరచేతిలో సగం ఉండే పసుపు రంగు అట్ట ముక్క, దానికి పురికోస దారం. ప్రతి సంచి మూతికి కడతారు. దాని మీద పెన్నుతో నాలుగు మాటలు: ఎవరిది, కాయ ఎంత ఇచ్చారు, పొడి ఎంత వచ్చింది, ఏ తేదీ. వెనకవైపు గిర్ని ఫోన్ నంబర్. "పొడి తక్కువొస్తే కొట్లాటకు రారా?" అని ఓనర్ భయపడ్డాడు. తొడిమె, తేమ, దుమ్ము పోతే కొంత తగ్గుతుంది, అది ఇంట్లో అందరికీ తెలుసు. దాచితేనే అనుమానం అన్నాను. ఒప్పించడానికి వారం పట్టింది.

నేను ఊహించనిది తర్వాత జరిగింది. అమ్మలు ఆ కారాన్ని హైదరాబాద్‌లో ఉన్న బిడ్డలకు, కొడుకులకు పంపుతారు కదా. చీటీ విప్పకుండానే పంపారు. తేదీ ఉంది కాబట్టి డబ్బాకు అలాగే ఉంచుకున్నారు. ఆ పసుపు చీటీ ఉప్పల్‌కు, కూకట్‌పల్లికి మాకు పైసా ఖర్చు లేకుండా వెళ్లిపోయింది. "మా అమ్మ పంపిన సంచికి మీ నంబరుంది, కొరియర్ చేస్తరా?" అని ఫోన్లు మొదలయ్యాయి. గిర్నిలో పలక ఒకటి పెట్టి, కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ఎలా తెలిసిందో అడిగి గీత గీయమన్నాను. ఆ సీజన్ అయ్యేసరికి బోర్డు కింద ఏడు గీతలు, చీటీ కింద అరవై దాటాయి. ఖర్చు ఎక్కడ పెట్టాలో ఆ పలక చెప్పినంత బాగా నాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు రద్దీలో పనిపిల్లాడు తూకం రాయకుండానే చీటీలు కట్టేశాడు. సాయంత్రానికి ముగ్గురు తిరిగొచ్చారు, మాటలు పడ్డాం. రాసిచ్చిన మాట తప్పితే ఏ మాటా ఇవ్వని గిర్ని కన్నా మీదే అధ్వానం అవుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి.

మూడో ఏడు ఓనర్ చీటీ రంగు మారుద్దాం, బొమ్మ వేద్దాం అన్నాడు. వద్దన్నాను. అమూల్ వాళ్లు 1966 నుంచి అదే చుక్కల గౌను పాపతో నడిపిస్తున్నారు, పక్కన మాట మాత్రమే మారుస్తారు. మనకు విసుగొచ్చే సమయానికి జనానికి అప్పుడే గుర్తుపట్టడం వస్తుంది.

నా పొరపాటు ఇంకొకటి చెప్పాలి. ఒక చీరల షాపుకు బతుకమ్మ కార్డు వేశాను. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, ఏ రోజు ఏ నైవేద్యం, అటుకులా, ముద్దపప్పా, నానబియ్యమా అని, పక్కన తేదీ. ఫ్రిజ్‌కు అంటించుకునేలా. తిథి తేడా వచ్చిన ఏడాది అది. నేను పూజారిని అడగకుండా ఒక క్యాలెండర్ చూసి సద్దుల తేదీ వేసేశాను, ఒకరోజు తప్పింది. షాపు ఫోన్ రెండు రోజులు మోగుతూనే ఉంది. తిట్లు తిన్నాను, బిల్లులో సగం వదులుకున్నాను. కానీ అంతకుముందు నేను వేసిన వేల పాంప్లెట్లలో తప్పు ఉందని ఒక్కరూ ఫోన్ చేయలేదు. అంటే వాటిని ఎవరూ చదవలేదన్నమాట! ఆ కార్డు చదివారు, వాడారు. తర్వాతి ఏడాది తేదీలు సరిచూసుకుని అదే కార్డు మళ్లీ వేశాం.

మేడారం దారి పొడుగునా కట్టే ఫ్లెక్సీల సంగతీ ఇంతే. రెండేళ్లకోసారి వచ్చే జాతరకు పిల్లాజెల్లాతో, తలమీద బంగారంతో (అమ్మవార్లకిచ్చే బెల్లంతో) పోయేవాళ్లు పైకి చూడరు. వాళ్ల కళ్లు నీళ్ల కోసం, బస్సు కోసం, తప్పిపోయిన పిల్లల కోసం వెతుకుతుంటాయి. 2013 కుంభమేళాలో లైఫ్‌బాయ్ వాళ్లు 25 లక్షలకు పైగా రొట్టెల మీద "లైఫ్‌బాయ్‌తో చేతులు కడుక్కున్నారా?" అన్న ముద్ర వేయించారు. తినబోయే ముందు, చేతిలోనే కనపడుతుంది. అంత డబ్బు మనకు లేకపోయినా ఆ సమయం, ఆ చోటు చూసుకోవచ్చు.

ఇక మీ ముప్పై వేలు. ఫ్లెక్సీ వద్దు, నా గిరాకీ పోయినా సరే. పేపర్లో పాంప్లెట్లు అసలే వద్దు. "అమ్మ చేతి రుచి" అని రాయకండి, మన ఊళ్లో పచ్చళ్లు అమ్మే ప్రతి ఒక్కరిదీ అమ్మ చేతి రుచే. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ నంబర్, కలిపిన తేదీ మూత మీద కనపడేలా వేయండి. మామిడికాయ సీజన్లో డబ్బు పారబోయకండి, అప్పుడు ఎవరింట్లో వాళ్లు పెట్టుకుంటారు.

నేనైతే జులై, ఆగస్టు మీద పెడతాను. అమెరికా చదువులకు పిల్లలు బయల్దేరే రోజులు. తల్లులు రుచి గురించి ఎంత ఆలోచిస్తారో, నూనె కారి సూట్‌కేసులో బట్టలు పాడవుతాయని అంతకు రెండింతలు భయపడతారు. మా అన్న కొడుకు పోయేటప్పుడు మా వదిన ఒక్కో ప్యాకెట్‌కు నాలుగు కవర్లు చుట్టి, పైన టేపు వేసి, అయినా నిద్రపోలేదు. మీ వాక్యం అక్కడుంది: "సూట్‌కేసులో నూనె కారదు." డబ్బులో ఎక్కువ భాగం మంచి సీలింగ్ మిషన్‌కు, మందం కవర్లకు పెట్టండి. మిగిలినదాంతో మూడు నాలుగు అపార్ట్‌మెంట్లలో చిన్న ప్యాకెట్లు పంచండి, ఎవరు ఎలా వచ్చారో పలక మీద గీతలు గీయండి.

వీడియో ఒకటి చాలు. గోంగూర ప్యాకెట్‌ను తెల్ల తువ్వాలులో చుట్టి, సూట్‌కేసులో బట్టల అడుగున పెట్టి, మూత వేసి దాని మీద మీ అక్కను కూర్చోబెట్టండి. రాత్రంతా ఆ సూట్‌కేసును బోర్లా పడేసి, తెల్లారి తువ్వాలు విప్పి చూపించండి. మరక పడితే మాత్రం వీడియో ఎక్కడా పెట్టకండి, ముందు సీలు మార్చండి.