పాత ఫ్రేము కొనబోయే మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన పాత సైకిల్ ఫ్రేము ఫోటోలు చూశాను. ఆ పాత ఇనుము కొట్టువాడు చెప్పిన రేటు విని మీ అత్తయ్య కూడా నవ్వింది. "రేనాల్డ్స్ 531" అని, అంటే పేరున్న ఉక్కు పైపు రకం, స్టిక్కరుంది కదా, అందుకే ఆ రేటు అన్నాడన్నావు. ఆ ఫ్రేము రాడ్ బ్రేకులది, 28 అంగుళాల చక్రాలు పట్టేది. అలాంటి బండి మీద ఆ స్టిక్కరు కనిపిస్తే సంతోషం కాదు, అనుమానం రావాలి. బియ్యం బస్తాలు మోసే బళ్ళు మామూలు ఉక్కు పైపుతోనే చేసేవారు. 531 పైపు రేసు బళ్ళకీ, క్లబ్బు బళ్ళకీ, మంచి టూరింగు బళ్ళకీ పోయేది. స్టిక్కరుదేముంది, ఇవాళ బరంపురంలో ఏ ప్రింటింగ్ షాపులో అడిగినా గంటలో వేసిస్తారు. అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

ఫ్రేము చేసినవాడు వేరు, పైపు చేసినవాడు వేరు. గుడ్డ మిల్లుది, కుట్టు దర్జీది అనుకో. రేనాల్డ్స్ బర్మింగ్‌హామ్ కంపెనీ, పైపులు చేసి అమ్మేది. కొలంబస్ ఇటలీలో మిలాన్ కంపెనీ. టాంగే, ఇషివాటా జపాన్‌వి. వీళ్ళ పైపు కొని పెద్ద ఫ్యాక్టరీలు ఫ్రేములు కట్టాయి, ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న షాపులూ కట్టాయి. కాబట్టి ఏ ఫ్రేము చూసినా రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. "ఇది రేనాల్డ్స్ సైకిలండీ" అనేవాడికి ఈ రెండూ ఒకటే. వాడి మాట మీద డబ్బు పెట్టకూడదు.

ముందు పైపు సంగతి చెప్తాను. నాకు ఇష్టమైన భాగం అదే.

మంచి పైపు గొప్పతనం బయటికి కనపడదు. పైపు చివర్లు లగ్గుల్లోకి, అంటే పైపులు కలిసే చోట ఉండే ఉక్కు తొడుగుల్లోకి, దూరి అతుకు పడే చోట లోహం మందంగా ఉంటుంది, మధ్యలో పల్చగా ఉంటుంది. బయటి లావు మాత్రం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకటే. అతుకు పెట్టే వేడి తగిలేదీ, తొక్కేటప్పుడు ఒత్తిడి ఎక్కువ పడేదీ చివర్లలోనే కదా. మధ్యలో అంత లోహం మోయడం దండగ. ఇలాంటివాటిని బటెడ్ పైపులంటారు. రేనాల్డ్స్ వాళ్ళు దీనికి 1897లోనే పేటెంటు తీసుకున్నారు. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన 531 ఉక్కు 1935లో వచ్చింది.

ఇది కొలవడానికి ఫ్రేము కొయ్యక్కర్లేదు. సీటు పిల్లర్, అంటే సీటుని మోసే కడ్డీ, బయటికి లాగు. సీటు పైపులో మాత్రం మందం మామూలుగా కింది చివర, పెడల్ యాక్సిల్ దగ్గరే ఉంటుంది. పై మూతి పల్చనే. అందుకే పైనుంచి కొలిస్తే గుట్టు బయటపడుతుంది. ఇంగ్లీషు కొలతల ఫ్రేములో సీటు పైపు బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు. గోడ మందం 0.6 అనుకో, రెండు వైపులా కలిపి 1.2 పోతే లోపల 27.4 మిగులుతుంది. పిల్లర్ ఆడడానికి కొంచెం సందు వదిలితే 27.2. బటెడ్ 531కీ, కొలంబస్‌లో పల్చటి రకం ఎస్.ఎల్.కీ ఈ 27.2 పిల్లరే పడుతుంది. కొలంబస్‌లోనే కొంచెం మందమైన రకం ఎస్.పి.కి 27.0. ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే మందమున్న 531 అయితే 26.8, 26.4 ఆ చుట్టుపక్కల ఉంటుంది. మన వీధుల్లో తిరిగే బరువు బండికి 25.4, అంటే సరిగ్గా ఒక అంగుళం. లెక్క వేసి చూడు, గోడ ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా వస్తుంది. పల్చటి పైపు మందానికి రెండింతలకు మించి.

ఇందులో తిరకాసులు లేకపోలేదు. ఫ్రెంచి ఫ్రేముల సీటు పైపు బయటి వ్యాసం 28 మిల్లీమీటర్లు. దానికి సన్న పిల్లర్ పడిందని పైపు నాసిదనుకుంటే పొరపాటు. అందుకే బయటి కొలత ముందు తియ్యి. ఇంకోటి, పిల్లర్ మీద చెక్కిన అంకె నమ్మకు. ఎవడో పాత డబ్బా రేకు చుట్టి సన్న పిల్లర్ బిగించి ఉంటాడు, లేదంటే లావుది సుత్తితో దిగ్గొట్టి ఉంటాడు. బోల్టు బిగించే చీలిక దగ్గర పైపు నొక్కుకుపోయి ఉంటుంది, దాని కంటే కాస్త కిందికి వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) దవడలు దింపి, అడ్డంగా ఒకసారి, ముందు నుంచి వెనక్కి ఒకసారి కొలువు. తుప్పు పొర ఉంటే కొలత తక్కువ చూపిస్తుంది, ముందు గుడ్డతో తుడిచెయ్యి.

పిల్లర్ తీశావు కదా, అదే మూతిలోంచి సెల్‌ఫోన్ లైటు లోపలికి కొట్టు. పైపు పొడుగునా గీతలా అతుకు కనపడిందా? అది రేకు చుట్టి వెల్డింగు చేసిన పైపు. 531 అతుకు లేకుండా లాగిన పైపు, అందులో ఆ గీత ఉండదు. స్టిక్కరు 531 అనీ, లోపల అతుకూ ఉంటే ఇంక బేరం అక్కర్లేదు, లేచి వచ్చెయ్యి. గీత లేదంటే మాత్రం 531 అని తేలిపోయినట్టు కాదు, ఇంకా చూడాల్సింది ఉందని అర్థం.

కొలంబస్‌కి ఒక గుర్తుంది, నాకు సరదా అది. ఫోర్కు బయటికి తీస్తే హెడ్ పైపులో తిరిగే కాడ వస్తుంది కదా, దాని అడుగున వేలు పెట్టి చూడు. ఎస్.ఎల్., ఎస్.పి. రకాల్లో లోపల ఐదు సన్నటి గట్లు మెలితిరిగి పైకి పోతాయి. కొన్నింటి మీద పావురం ముద్ర కూడా ఉంటుంది. గట్లు తగిలితే ఆ ఫోర్కు కొలంబస్‌దేనని గట్టిగా చెప్పొచ్చు. ఫోర్కు గురించే సుమా. ఫోర్కులు మారిపోతుంటాయి, ఫ్రేముకి దాని సాక్ష్యం సగమే. కొలంబస్ చవక రకాల్లో ఈ గట్లు ఉండవు కూడా.

నిజమైన 531 స్టిక్కరు దొరికినా అందులో మాటలు పూర్తిగా చదువు. బటెడ్ ట్యూబ్స్, ఫోర్క్స్ అండ్ స్టేస్ అని ఉంటే మొత్తం ఫ్రేమూ, ఫోర్కూ ఆ పైపే. బటెడ్ ఫ్రేమ్ ట్యూబ్స్ అని ఆగిపోతే మూడు పెద్ద పైపులు మాత్రమే, వెనక సన్న పైపులు ఏవైనా కావచ్చు. ధరలో తేడా ఉంటుంది, అమ్మేవాడు ఆ మాట చెప్పడు.

గోటితో కొట్టి మోత విని చెప్పేవాళ్ళున్నారు. పల్చటి పైపు మోగుతుంది, నిజమే. కానీ చెవి మీద డబ్బు పెట్టడం నాకిష్టం లేదు. తూకం నయం. మంచి 531 రోడ్ ఫ్రేము ఫోర్కు లేకుండా రెండు కిలోల ప్రాంతంలో ఉంటుంది. నీ గుణుపురం ఫ్రేము అదే కొట్టులో కాటా మీద పెట్టించు, మూడు దాటకపోతే నాకు చెప్పు.

ఇక ఫ్రేము కట్టినవాడెవడు? ఇక్కడ అందరూ హెడ్ బిళ్ళ, అంటే హెడ్ పైపు మీద కంపెనీ పేరున్న రేకు, చూసి ఆగిపోతారు. బిళ్ళ రెండు రివెట్ల పని. నువ్వు బిళ్ళ చుట్టూ రంగు చూడు. అసలు బిళ్ళ కింద పాత రంగు ఎండ తగలకుండా నిగనిగలాడుతుంది, ఆ నీడ ఆకారం ఇప్పుడున్న బిళ్ళతో సరిపోవాలి. రివెట్ల కన్నాలు వేరే చోట పూడ్చినట్టుంటే బిళ్ళ అరువుదే.

చైన్‌వీల్, అంటే పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం, చూస్తే ముచ్చటేస్తుంది. రాలీ వాళ్ళది కొంగలు, హంబర్‌వాళ్ళది వరసగా మనుషుల బొమ్మలు, రడ్జ్‌వాళ్ళది అరచెయ్యి. బి.ఎస్.ఎ. తుపాకుల కంపెనీగా మొదలైంది కాబట్టి మూడు తుపాకులు నిలబెట్టిన ముద్ర. హంబర్ ఫోర్కు ఇంకా అందం, ఒక్కో వైపు రెండేసి సన్న పైపులు. చైన్‌వీల్‌ని యాక్సిల్‌కి బిగించే కాటర్ పిన్ను కొడితే అది ఊడొస్తుంది, కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. ఆ జంట పైపుల ఫోర్కు మాత్రం పక్కింటి బండి నుంచి ఊరికే రాదు.

మార్చలేనిది బీబీ షెల్, అంటే పెడల్ యాక్సిల్ కూర్చునే గొట్టం. దాని వెడల్పు, మరలు కట్టినవాడి దేశం చెప్తాయి. ఇంగ్లీషుది 68 మిల్లీమీటర్ల వెడల్పు, అంగుళానికి 24 మరలు, చైన్ వైపు బేరింగు కప్పుది ఎడమ మర. ఇటాలియన్ 70, రెండు వైపులా కుడి మరే. ఫ్రెంచిది 35 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మర, అదీ రెండు వైపులా కుడిమరే. నాటింగ్‌హామ్ రాలీ ఫ్యాక్టరీ అందరిలా కాకుండా అంగుళానికి 26 మరలు పెట్టుకుంది. షెల్ కూడా మామూలు కంటే వెడల్పు, 71 గానీ 76 గానీ. ఫ్రేము రంగు ఎవడు మార్చినా ఈ మరలు మార్చడు. చేతిలో మరలు కొలిచే థ్రెడ్ గేజ్ ఉంటే నిమిషం పని. కప్పు విప్పేటప్పుడు ఎటు తిరుగుతుందో తెలియక బలం పెట్టకు, చైన్ వైపు మొండికేస్తే అది ఎడమ మరేమో చూసుకో.

మన దగ్గర ఎక్కువమంది మోసపోయేది రాలీ పేరు దగ్గరే. స్వాతంత్ర్యం వచ్చాక రాలీ, హంబర్, రడ్జ్, రాబిన్‌హుడ్ పేర్లతో సెన్-రాలీ కంపెనీ బెంగాల్లో అసన్‌సోల్ దగ్గర బళ్ళు చేసింది. హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లతో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ చేసింది, అది 1949లో ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి పెట్టినది. అంటే కొంగ బొమ్మ ఉన్నంత మాత్రాన నౌక ఎక్కి వచ్చింది కాదు. ఇంగ్లండుదని రుజువు కావాలంటే నాలుగైదు గుర్తులు ఒకే మాట చెప్పాలి. మరలు, ఫోర్కు, లగ్గుల ఆకారం, రంగు కింద మిగిలిన పాత అక్షరాలు, చిన్న సామాన్ల మీద ముద్రలు. అసన్‌సోల్ బండి తక్కువదని కాదు నేను చెప్పేది. దానికి దాని ధర, దీనికి దీని ధర. అట్లాస్, హీరో కూడా ఇప్పుడు కొంటున్నారు, పాతవి బాగుంటే తప్పులేదు.

ఏళ్ళు కట్టడానికి ఒక చిన్న దారి. వెనక చక్రానికి స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్ ఉంటే, నూనె, మట్టి తుడిచి చూడు. రకం పేరు ఏ.డబ్ల్యూ. అని, పక్కన ఏడాది రెండంకెల్లో, నెలతో పాటు కొట్టి ఉంటుంది. ఏ.డబ్ల్యూ. రకం 1936లో వచ్చింది. చక్రం మార్చి ఉండొచ్చు గానీ, ఫ్రేము గురించి వేరే గుర్తులు చెప్పేదానికి ఇది దగ్గరగా ఉంటే ధైర్యం. మున్సిపాలిటీ వాళ్ళ సైకిల్ బిళ్ళ మడ్‌గార్డుకో హ్యాండిల్‌కో వేలాడుతుంటే, అది బండి ఏ ఏడాది రోడ్డు మీద ఉందో చెప్తుంది, పుట్టిన ఏడాది కాదు. అయినా ఊడదియ్యకు. డీలర్ల పేర్ల రేకులూ అంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మన పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఈ పక్క ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టెల్లో మద్రాసు రసీదు దొరికినా, కలకత్తా రసీదు దొరికినా ఆశ్చర్యపోకు. బండితో పాటు రసీదు ఇస్తామంటే ఇంకో వంద ఎక్కువైనా ఇచ్చి తీసుకో.

ఫ్రేము నంబరు సీటు లగ్గు మీదో, బీబీ అడుగునో, వెనక యాక్సిల్ పట్టీ మీదో ఉంటుంది. రంగు గీకొద్దు. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దితే అంకెలు తేలుతాయి. ఫోటో తీస్తే లైటు పక్క నుంచి పడాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ రాదు.

దెబ్బలు చూడడం మరిచిపోకు. ముందు నుంచి గుద్దుకున్న బండికి హెడ్ పైపు వెనకాల, పై పైపు, కింది పైపు అడుగుల్లో సన్నటి ముడత పడుతుంది. వేలితో తడిమితే గట్టులా తగులుతుంది, రంగు కూడా అక్కడే పెచ్చులు లేచి ఉంటుంది. పల్చటి పైపుకి ఇలా అయితే ఎంత మంచి పేరైనా నేను కొనను. గోపాల్‌పూర్ వైపు బళ్ళు కొనేటప్పుడు ఉప్పుగాలి సంగతి కూడా చూసుకో. పైకి రంగు బాగుంటుంది, బీబీ షెల్లో నీళ్ళు నిలిచి లోపల తినేసి ఉంటుంది.

కొన్నాక తొందరపడి థిన్నరు, ఎమరీ కాగితం పట్టుకోకు. నీకు కావలసిన రుజువంతా ఆ పాత రంగులోనే ఉంది. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తని గుడ్డ, అంతే. అక్షరాలున్న చోట కిరసనాయిలు కూడా వద్దు. సీటు పిల్లర్ పట్టేసుంటే తుప్పు వదిలించే ఆయిలు పోసి రెండు మూడు రోజులు వదిలెయ్యి, తర్వాత కొద్దికొద్దిగా తిప్పు. ఫ్రేము వైస్‌లో బిగించి పిల్లర్ లాగబోయి పైపు నొక్కేసిన మెకానిక్కులు మన ఊళ్ళోనే ఉన్నారు.

తర్వాత నువ్వే అమ్మేటప్పుడు 531 అని రాయకు. పిల్లర్ 27.2, లోపల అతుకు లేదు, షెల్ 68, ఇంగ్లీషు మర అని రాయి. తెలిసినవాడు వాటిని బట్టే పోల్చుకుంటాడు. తెలియనివాడు ఫోన్ చేసి అడిగితే ఓపిగ్గా చెప్పు, అంతేగానీ నీకు రుజువు దొరకని చోట మంచి పేరు అంటించకు. ఈ సరుకు కొనేవాళ్ళు తక్కువమంది, ఒకరికొకరు తెలుసు.

నా దగ్గర రెండో వెర్నియర్ ఖాళీగా పడుంది. దసరాకి వచ్చినప్పుడు తీసుకుపో. అమ్మని అడిగానని చెప్పు.

ఉంటాను,
మావయ్య