మీరడిగారు: పూసపాటి రాజుగారి రాజకీయం

ప్రశ్న: అశోక్ గజపతిరాజు గారు గోవా గవర్నర్ అయ్యారు కదా, అసలాయన ఎన్నిసార్లు గెలిచారు? రాజుగారని జనం కళ్లు మూసుకుని ఓటేసేసేవాళ్లా? (ఒక పాఠకుడు, పార్వతీపురం)

జవాబు: కళ్లు మూసుకునైతే వెయ్యలేదండీ. విజయనగరం ఎమ్మెల్యేగా ఏడుసార్లు గెలిచారు, 1978, 83, 85, 89, 94, 99, మళ్లీ 2009. మొదటిసారి గెలిచేటప్పటికి ఆయనకి 27 కూడా నిండలేదు, టికెట్ జనతా పార్టీది, అప్పుడేమో రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెస్ ఊపు. ఎన్టీఆర్ పార్టీ పెట్టాక తెలుగుదేశంలోకి వచ్చారు, 1995లో పార్టీ చీలినప్పుడు చంద్రబాబు గారి వైపు నిలబడ్డారు, అంతే, ఆ తర్వాత 2025లో గవర్నర్ పదవి కోసం రాజీనామా ఇచ్చేదాకా అక్కడే ఉన్నారు. ఓడినా, పార్టీ అధికారంలో లేకపోయినా గడప మారలేదు, ఆయనలో నాకు బాగా నచ్చేది ఇదే. రాష్ట్రంలో ఎక్సైజ్, ఫైనాన్స్, రెవెన్యూ లాంటి పెద్ద శాఖలు చూశారు.

ఇక ఓటమి సంగతి. 1989లో పార్టీ రాష్ట్రంలో ఓడినా ఈయన గెలిచారు గానీ 2004లో అదే ఊరు ఆయన్ని ఓడించింది, అదీ ఇండిపెండెంటుగా నిలబడ్డ కోలగట్ల వీరభద్రస్వామి గారి మీద. 2014లో ఎంపీగా పంపింది, 2019లో మళ్లీ ఓడించింది. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం రోజు చూడండి, గుడి నుంచి కోట దాకా సిరిమాను అనే పొడవాటి మాను మూడుసార్లు తిరుగుతుంది, మాను చివర పీట మీద పూజారి గారు గాల్లో ఊగుతూ వస్తుంటే కింద జనం అరటిపళ్లు విసురుతారు, కోట బురుజు మీద రాజుగారి కుటుంబం కూర్చుని దండం పెడుతుంది. ఆ రోజు బురుజు వైపు చూసి దండం పెట్టిన చేతులే పోలింగ్ రోజు వేరే గుర్తు నొక్కాయి, రెండింటికీ మావాళ్లు లంకె పెట్టుకోరు.

ప్రశ్న: ఇందిరమ్మ రాజభరణాలు తీసేసినప్పుడు వీళ్లకి ఎంత పోయింది? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: ఏమీ పోలేదమ్మా, ఎందుకంటే వీళ్లకి రాజభరణమే లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రాజభరణం, అంటే దేశంలో కలిసిన సంస్థానాల రాజులకి ప్రభుత్వం ఏటా ఇచ్చిన డబ్బు, వచ్చింది హైదరాబాద్, మైసూర్ లాంటి సంస్థానాలకి, వాటిని 1971లో 26వ రాజ్యాంగ సవరణతో తీసేశారు. విజయనగరం రాజులకి మహారాజా బిరుదు ఉన్నా బ్రిటిష్ పాలనలో అది జమీందారీయే, మద్రాసు రాష్ట్రంలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద పోయింది.

అసలు కథ వాళ్ల నాన్నగారు పీవీజీ రాజు గారిది. మహారాజా అయ్యుండి సోషలిస్టు! 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరు మీద మాన్సాస్ ట్రస్ట్ పెట్టి ఆస్తులు చదువుల కోసం ఇచ్చేశారు, 1713లో మొదలైన కోటతో సహా. రాజులు తిరిగిన చోట ఇప్పుడు కాలేజీ పిల్లలు తిరుగుతున్నారు, ఆ కోట గుమ్మం దాటిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తారు. అశోక్ గారి పేరుకి ఊళ్లో ఇప్పటికీ ఉన్న మర్యాదలో సగం ఆ ఇచ్చిన చెయ్యిదే అని నా నమ్మకం.

ప్రశ్న: మాన్సాస్ గొడవ ఏమైంది? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: అశోక్ గారి అన్నగారు ఆనంద గజపతిరాజు గారు 2016లో పోయాక ఈయన ట్రస్ట్ చైర్మన్ అయ్యారు. 2020 మార్చిలో అప్పటి ప్రభుత్వం ఈయన్ని తీసేసి అన్నగారి కూతురు సంచయిత గారిని పెట్టింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది, ఈయన మళ్లీ వచ్చారు. సింహాచలం దేవస్థానం చైర్మన్ పదవి కూడా ఈ గొడవలో ఉంది కాబట్టే అంత రచ్చ.

ప్రశ్న: కేంద్రంలో విమానయాన మంత్రిగా చెప్పుకోదగ్గది ఏం చేశారు? (ఒక విద్యార్థి, కడప)

జవాబు: ఉడాన్ పథకం బాబూ. చిన్న ఊళ్లకి విమానం నడిపే కంపెనీ కొన్ని సీట్లు గంట ప్రయాణానికి 2,500 రూపాయల లెక్కన అమ్మాలి, వచ్చే లోటు ప్రభుత్వం పూడుస్తుంది. 2017 ఏప్రిల్‌లో సిమ్లా-ఢిల్లీ విమానంతో మొదలైంది. తర్వాత కొన్ని రూట్లు నిలవలేదు, అది నిజమే, కానీ విమానం అంటే పెద్ద ఊళ్లకే అన్న ఆలోచన మార్చాలని చూసిన పని అది. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయంలో పార్టీ చెప్పగానే రాజీనామా చేసి వచ్చేశారు.

ప్రశ్న: వారసత్వం అమ్మాయికేనా? (అదే విద్యార్థి)

జవాబు: అదితి గారు 2019లో నిలబడి ఓడిపోయారు, తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకే ఎన్నికల్లో. 2024లో 60 వేలకి పైగా మెజారిటీతో ఎమ్మెల్యే అయ్యారు. రెండుసార్లూ ఎదురు నిలబడింది ఆ కోలగట్ల గారే.