కొబ్బరి తోట అమ్మి డిజైన్ పీజీ చదివించాలా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. తిత్లీ తుపానులో సగానికి పైగా చెట్లు పోతే మళ్లీ మొక్కలు వేశాం, నిరుడే కాపు మొదలైంది. మా అమ్మాయి బీటెక్ చేసి మూడేళ్లుగా విశాఖలో ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు డిజైన్ మేనేజ్‌మెంట్, ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ కలిపిన రెండేళ్ల పీజీలో సీటొచ్చింది. ఫీజు, హాస్టల్ అన్నీ కలిపి 12 లక్షల 60 వేలు. చదువయ్యాక ఇక్కడే కొబ్బరి పీచు వస్తువుల యూనిట్ పెడతానంటోంది. తన దగ్గర 3 లక్షలున్నాయి. ఇంట్లో 10 తులాల బంగారం ఉంది. తోటకు మంచి బేరం వచ్చింది. అమ్మేసి చదువుకీ, వ్యాపారానికీ ఒకేసారి సర్దేయమంటారా?

జవాబు: తోట మాత్రం అమ్మకండి. ఈ మాట భూమి మీద మమకారంతో చెప్పడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాక మీరు వేసిన మొక్కలను ఇన్నేళ్లు సాకారు. నీళ్లు, ఎరువు, కూలీలు అన్నీ మీ జేబులోంచే పోయాయి. ఇప్పుడు కాపు మొదలైంది. కొన్నవాడు ఇకపై కాయలు దింపుకోవడమే తరువాయి. ఖర్చంతా మీది, రాబడంతా అతనిది అయ్యే ఏడాదిలోనే మీకు బేరం వచ్చింది. అతనికి లెక్క బాగా తెలుసు.

ఇక చదువు సంగతి. డిజైన్ అంటే బొమ్మలు గీయడమే అనుకుని మీరు కాస్త అనుమానపడుతున్నట్టు ఉత్తరంలో కనిపించింది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి ఎంత సన్నటి నూలు తీస్తారో మనకు తెలుసు. ఆ పనితనం ఉన్నా, బట్టను ఎవరికి, ఏ ధరకు, ఏ రూపంలో అమ్మాలన్నది వేరే విద్య. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఆ రెండోది. గాంధీనగర్‌లోని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) క్యాంపస్‌లో స్ట్రాటజిక్ డిజైన్ మేనేజ్‌మెంట్ అని రెండున్నరేళ్ల ఎం.డిజైన్ కోర్సే ఉంది. ఐఐటీల్లో ఎం.డిజైన్ కోసం ఐఐటీ బాంబే సీడ్ అనే పరీక్ష పెడుతుంది. ఆ పరీక్షలు రాసిందో లేదో మీరు రాయలేదు. రాయకపోతే, వచ్చిన ప్రైవేటు సీటు ఒక ఏడాది ఆగి ప్రయత్నించే దానికంటే మెరుగో కాదో తననే అడగండి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన చిన్న కాగితం నాకు ఉత్తరం కంటే ఎక్కువ నచ్చింది. అమ్మాయి దసరా సెలవుల్లో పీచుతో 60 పూల కుండీలు చేయించింది. ఒక్కోదానికి 38 రూపాయల ఖర్చు. 47 కుండీలను 60 రూపాయల చొప్పున అమ్మింది. మిగతా 13 బూజు పట్టాయి. బస్సు లగేజీకి 350. అంటే రెండు వారాల శ్రమకు మిగిలింది 190 రూపాయలు. మీరు దీన్ని నష్టం కింద జమకట్టి బాధపడ్డారు. నాకైతే కోర్సులో ఏం నేర్చుకోవాలో ఆ 13 కుండీల్లోనే ఉందనిపించింది. అవి కూడా అమ్ముడుపోయుంటే లాభం 970 అయ్యేది. పీచు ఎంత ఆరాలి, ప్యాకింగ్ ఎలా ఉండాలి, 60కి కాక 75కి ఎవరు కొంటారు అన్న ప్రశ్నలు పట్టుకుని క్లాసులోకి వెళ్లే పిల్ల డబ్బు వృథా చేయదు.

కాబట్టి చదువుకు అప్పు, వ్యాపారానికి వేరే డబ్బు. ఈ రెండూ ఒకే సంచిలో పోయకండి. విద్యా రుణాల మామూలు పద్ధతిలో 4 లక్షలు దాటితే మన వాటా 5 శాతం ఉండాలి. అంటే మీరు సుమారు 60 వేలు పెడితే బ్యాంకు 12 లక్షలు ఇస్తుంది. వడ్డీ 10 శాతం అనుకుందాం. సెమిస్టరుకు 3 లక్షల చొప్పున నాలుగుసార్లు విడుదలవుతుంది. చదువు రెండేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ మూడేళ్లలో సాధారణ వడ్డీ 2 లక్షల 70 వేలు అవుతుంది. అది అసలులో కలిస్తే 14 లక్షల 70 వేలు. పదేళ్లకు నెలకు దాదాపు 19,400 వాయిదా.

అదే నెలనెలా వడ్డీ కట్టేస్తూ పోతే వాయిదా 15,900 దగ్గర ఆగుతుంది. మొదటి సెమిస్టరులో నెలకు 2,500, తర్వాత 5,000, ఆ తర్వాత 7,500, చివరి ఆరు నెలలు 10,000. రెండేళ్లకు మొత్తం లక్షన్నర. అమ్మాయి పొదుపు 3 లక్షల్లో 60 వేలు వాటాకు, లక్షన్నర ఈ వడ్డీకి పోతే 90 వేలు మిగులుతాయి. చదువు తర్వాతి ఏడాది నెలకు 10,000 వడ్డీని తన జీతంలోంచి కట్టుకోవాలి. చదువుతుండగా వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి, మీ బ్రాంచిలో అడగండి.

అసలు చిక్కు తనఖా దగ్గర వస్తుంది. అప్పు ఏడున్నర లక్షలు దాటితే మామూలు పథకంలో ఆస్తి అడుగుతారు. తోట ఉంది కదా అనుకుంటారు మీరు. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని అమ్ముకునే వీలు బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, బాకీ పడితే బ్యాంకు దాన్ని తేలిగ్గా వేలం వేయలేదు. అందుకే మేనేజరు తోట కాగితాలు చూసి పెదవి విరుస్తాడు. ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో ఉంటే చాలాసార్లు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు, అదీ ఇబ్బందే. ఎల్ఐసీ పాలసీలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటికి విలువ కడతారు.

అందుకే ముందు పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఆ కాలేజీ ఉందో లేదో చూడండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ఈ పథకంలో, జాబితాలోని సంస్థల్లో సీటొస్తే తనఖా, జామీను లేకుండా రుణం ఇస్తారు. మొదట 860 సంస్థలతో మొదలైంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద, వాయిదాలు మొదలయ్యే దాకా 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే ఏటా లక్ష మందికే. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

జాబితాలో లేకపోతే? అప్పుడు కాస్త కటువుగా చెప్పాల్సి వస్తుంది. ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ దగ్గర 12 లక్షలు తెచ్చి ఈ కోర్సు చదవడం నాకు ఇష్టం లేదు. ఏడాది ఆగి ప్రవేశ పరీక్షలు రాయమనండి.

బంగారం మీద పంట రుణం తీసి ఫీజు కట్టేద్దామని మీ పక్కింటాయన చెప్పారని రాశారు. వడ్డీ తక్కువే కావచ్చు, కానీ పంటకని తీసినది ఫీజుకు వాడటం తప్పు. పైగా ఏడాది తిరిగేసరికి అసలుతో సహా కట్టి తిరగరాయాలి. మీ ఇంటావిడ నగలు ఆసుపత్రి లాంటి అవసరాలకు ఉంచండి.

వ్యాపారం దగ్గర నా అభ్యంతరం ఒక్కటే. నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల దగ్గర ఆఫీసు తెరిచిన మొదటి పద్నాలుగు నెలలు ఇంటి వాయిదాకు మా మామగారి దగ్గర చేబదులు తెచ్చాను. సలహాలిచ్చే నా పనికే అంత పట్టింది. చదువు ముగిసి వాయిదాలు మొదలయ్యే సమయం, యూనిట్‌కు రాబడి లేని సమయం ఒకేసారి వస్తాయి. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టే తీరుకు వేసే మార్కు, అమ్మాయిదే కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన మీదీ పడిపోతుంది. రేపు మీ పంట రుణం తిరగరాయించుకునేటప్పుడు అది అడ్డొస్తుంది. అందుకే చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేయమనండి. లేదా కనీసం 12 వాయిదాలు, అంటే సుమారు లక్షా 90 వేలు పక్కన పెట్టాకే యూనిట్ మాట ఎత్తమనండి. అమ్మాయి పేరున 15 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ ఒకటి తీసుకోండి. బ్యాంకులో అంటగట్టే, ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీ అవసరం లేదు.

మిగిలిన 90 వేలు ఆ కుండీల ప్రయోగాలకే. సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక విడత చేయనివ్వండి. తొందరపడి యూనిట్ పేరుతో రిజిస్ట్రేషన్లు, రుణాలు మాత్రం వద్దు. చిన్న యూనిట్లు పెట్టేవారికి కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ కొత్త యూనిట్లకే ఇస్తారు, అప్పటికే నడుస్తున్న వాటికి రాదు. ఆ పథకంలో పల్లెలో మహిళ పెట్టే యూనిట్‌కు 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. దరఖాస్తు పెట్టేనాటికి నియమాలు ఎలా ఉన్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి.

ఆదాయపు పన్నులో 80ఈ సెక్షన్ కింద విద్యా రుణం వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని ఎవరో చెప్పారని రాశారు. అది పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్నే పడదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడొద్దు.

సీటుకు అడ్వాన్సు ఎప్పటిలోగా కట్టాలో మీరు రాయలేదు. కట్టేముందు, చేరకపోతే ఎంత వెనక్కిస్తారో కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కాగితం, విద్యాలక్ష్మి జాబితా రెండూ చూశాక తోట బేరగాడికి ఫోన్ చేసి కుదరదని చెప్పేయండి.