వాసన రాకపోతే లీకు లేనట్టేనా? క్యాంపర్‌ ప్రొపేన్‌ సిలిండర్ల పరీక్ష

ప్రశ్న: మేము టెక్సస్‌లో డాలస్‌ దగ్గర ఉంటున్నాం. ఈ మధ్య ఒకరు వాడిన ట్రావెల్‌ ట్రైలర్‌ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటిది) కొన్నాం. దాని ముందు భాగంలో రెండు ప్రొపేన్‌ సిలిండర్లు, వాటి మధ్య ఒక రెగ్యులేటరు ఉన్నాయి. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లతో, పిల్లలతో కలిసి నాలుగు రోజులు తిరిగి రావాలని అనుకుంటున్నాం. ఊళ్లో సిలిండరు మార్చినప్పుడల్లా నాన్నగారు వాసన చూసి, ఆ తరువాత అగ్గిపుల్ల వెలిగించి చూసేవారు. ఇక్కడ లీకు ఉందో లేదో మేమే ప్రమాదం లేకుండా ఎలా చూసుకోవాలి? వాసన రాకపోతే చాలా? – ఒక పాఠకుడు, డాలస్‌

జవాబు: మీ నాన్నగారి తరంలో చాలా ఇళ్లలో అగ్గిపుల్ల పరీక్ష నడిచింది కనుక ముందు దాని సంగతే చెప్పుకోవాలి. ఆ పని అక్కడైనా ఇక్కడైనా ఎప్పుడూ చేయకూడదు. ప్రొపేన్‌ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైన వాయువు. బయటికి వచ్చిన గ్యాసు పైకి పోకుండా నేలబారుగా పాకి, ట్రైలరులో మంచాల కింద, అరమరల అడుగున చేరుతుంది. గాలిలో దాని పాలు సుమారు 2 శాతం దాటి 9.5 శాతం లోపు ఉన్నంతసేపు ఒక్క నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. మన వంటింటి సిలిండరులో ఉండేది ప్రొపేన్‌, బ్యూటేన్‌ కలిసిన గ్యాసు. అదీ గాలి కంటే బరువైనదే. అగ్గిపుల్లతో లీకు వెదకడమంటే, ఎంత గ్యాసు ఎక్కడ చేరిందో తెలియని చోట నిప్పు పెట్టడమే.

ఇక వాసన. ప్రొపేన్‌కు సొంత వాసన లేదు. మనకు తగిలే ఆ ఘాటు, లీకు తెలియడం కోసం కలిపే ఇథైల్‌ మెర్కాప్టన్‌ది. మీరుంటున్న టెక్సస్‌కు ఈ విషయంలో ఒక విషాద చరిత్ర ఉంది. 1937 మార్చి 18న న్యూ లండన్‌ అనే ఊరి పాఠశాలలో, వాసన లేని సహజవాయువు ఎవరికీ తెలియకుండా భవనం అడుగున చేరి పేలింది. దాదాపు 300 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. గ్యాసుకు వాసన కలిపి తీరాలన్న చట్టం ఆ రాష్ట్రంలో ఆ తరువాతే వచ్చింది. అందుకే వాసన వచ్చిన మరుక్షణం దాన్ని నమ్మాలి. వాసన రాలేదు కనుక లీకు లేదని మాత్రం నమ్మకూడదు. అదే వాసనలో కొద్దిసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది, జలుబు చేస్తే తెలియదు, వయసు పైబడినకొద్దీ ఘ్రాణశక్తి తగ్గుతుంది, నిద్రలో ఉన్నవారిని అది లేపకపోవచ్చు. లోపల తుప్పు పట్టిన సిలిండరులో మెర్కాప్టన్‌ ఘాటు కూడా తగ్గిపోతుంది. మీ ప్రయాణంలో పెద్దవారూ పసివారూ ఉన్నారు కాబట్టి ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాం.

నమ్మదగిన పరీక్ష సబ్బు నురగతో చేసేదే. పగటిపూట, ఆరుబయట, దగ్గరలో నడుస్తున్న ఇంజిన్‌ గాని, గ్రిల్లు గాని, సిగరెట్‌ గాని లేని చోట ట్రైలరును నిలిపి, తలుపులూ కిటికీలూ తెరవండి. స్టవ్వుతోపాటు గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌, నీళ్ల హీటరు, ఫర్నేసు అన్నిటినీ ఆపండి. వాటిలో చాలావరకు వాటంతట అవే నిప్పురవ్వ పుట్టించుకుని వెలుగుతాయి కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. తరువాత కంటితో చూడవలసినవి చూడండి. సిలిండరుకు లోతైన తుప్పు, సొట్టలు ఉన్నాయేమో, వాల్వు చుట్టూ ఉండే మెడపట్టీ మీద కొట్టిన తేదీని బట్టి అది ఎంత పాతదో, రబ్బరు గొట్టాలు వంపు తిరిగే చోట పగుళ్లు ఉన్నాయేమో పరిశీలించండి. పగుళ్లున్న గొట్టాన్ని పరీక్షించనక్కరలేదు, మార్చెయ్యండి.

గిన్నెలు తోమే ద్రవాన్ని సమానంగా నీళ్లతో కలిపి, స్ప్రే సీసాలో పోసుకోండి లేదా చిన్న బ్రష్‌ దగ్గర పెట్టుకోండి. అమ్మోనియా గాని, క్లోరిన్‌ గాని ఉన్న శుభ్రపరిచే ద్రవాలు ఇత్తడి బిగింపులను పాడుచేస్తాయి కనుక వాటిని వాడవద్దు. ఇప్పుడు ఒక సిలిండరు వాల్వును నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా తిప్పితే, గొట్టం తెగినప్పుడు గ్యాసును అడ్డుకోవడానికి పెట్టిన రక్షణ పరికరం పనిచేసి, ప్రవాహం సన్నబడిపోతుంది. అప్పుడు పరీక్షకు అర్థముండదు. వాల్వు పిడి మొదలు, గొట్టం బిగించిన పెద్ద ప్లాస్టిక్‌ నట్టు, గొట్టం పొడవు, అది రెగ్యులేటరులోకి వెళ్లే చోటు, రెగ్యులేటరు నుంచి బయటికి వచ్చే చోటు వరకు వరుసగా తడపండి. రెగ్యులేటరుకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోకి సబ్బునీళ్లు పోనివ్వకండి. ఒక్కో బిగింపు దగ్గర కనీసం ఒక నిమిషం ఆగి చూడాలి. బ్రష్‌ వల్ల పుట్టిన నురగ ఉన్నచోటే ఉండి క్రమంగా పేలిపోతుంది. లీకు వల్ల పుట్టిన బుడగ మాత్రం ఒకే చోట మళ్లీ మళ్లీ ఊరుతుంది, ఉబ్బుతుంది. నట్టు వెనకవైపు కనిపించదు కనుక చేతి అద్దం పెట్టి చూడండి. ఇటువైపు అయ్యాక ఆ వాల్వు మూసి, రెండో సిలిండరు తెరిచి అటువైపు కూడా ఇలాగే చూడాలి. మూసి ఉన్న వైపు గొట్టంలో ఒత్తిడి ఉండదు కాబట్టి అక్కడ లీకున్నా బుడగ రాదు. అది తెలియక చాలామంది సగం పరీక్షే చేసి పూర్తయిందనుకుంటారు.

సిలిండర్ల దగ్గర బుడగలు రాకపోయినా పని సగమే అయింది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌ వేడిలో సిలిండరు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 110 పౌండ్లు. రెగ్యులేటరు దాటాక అది అర పౌండు కూడా ఉండదు. అందుకే లోపలికి వెళ్లే పైపులలో చిన్న లీకు ఉన్నా బుడగ చాలా నిదానంగా పుడుతుంది. ఫ్రిజ్‌ వెనక, నీళ్ల హీటరు తలుపు లోపల చేతికి అందే బిగింపులను మీరే నురగతో చూడవచ్చు. గోడల మధ్య, నేల కింద పోయే పైపును మాత్రం ఆర్‌వీ (ఇలాంటి విహార వాహనాల) టెక్నీషియన్‌ ఒత్తిడి కొలిచే పరికరం తగిలించి, ముల్లు పడిపోతుందో లేదో చూసి తేల్చాలి. వాడిన ట్రైలరు కొన్నవారు మొదటి ప్రయాణానికి ముందే ఈ ఖర్చుకు వెనకాడకూడదని మా గట్టి అభిప్రాయం.

బుడగ కనిపిస్తే వెంటనే వాల్వు మూసేయండి. ప్లాస్టిక్‌ నట్టును చేతితోనే బిగించాలి, పానా వాడకూడదు. మళ్లీ తెరిచి పరీక్షించినా బుడగ వస్తుంటే గొట్టం మార్చాలి. ఇత్తడి ఫ్లేర్‌ బిగింపులకు తెల్ల టేపు చుట్టే అలవాటు చాలామందికి ఉంది. అవి లోహానికి లోహం ఆనుకుని మూసుకునేవి కనుక టేపు వల్ల మేలు లేదు, కీడే జరగవచ్చు. రెగ్యులేటరును, సిలిండరు వాల్వును సొంతంగా విప్పకండి. వాల్వు మూసినా సిలిండరు నుంచి గ్యాసు వస్తూనే ఉంటే అందరినీ దూరం జరిపి అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

ట్రైలరు లోపల వాసన వచ్చినా, నేలకు దగ్గరగా బిగించిన గ్యాసు డిటెక్టరు మోగినా దీపం, ఫ్యాను, ఫోను దేన్నీ తాకకుండా అందరూ బయటికి వచ్చేయాలి. తలుపు తెరిచే ఉంచి, వాసన లేని దారిలో వెళ్లగలిగితేనే సిలిండరు వాల్వు మూసి, దూరం వెళ్లాక 911కు ఫోను చేయండి. వాల్వు కుడివైపుకు, గడియారం ముల్లు తిరిగే దిశలో, తిప్పితే మూసుకుంటుందని మీ నాన్నగారికి ప్రయాణానికి ముందే చూపించి, ఆయన చేత తిప్పించండి. డిటెక్టరు వెనక వేసిన తేదీ కూడా చూడండి. చాలా రకాలు 5 నుంచి 7 ఏళ్లకు పనికిరాకుండా పోతాయి, మీట నొక్కితే మోగినా సరే. జుట్టుకు కొట్టుకునే స్ప్రేకు అది అప్పుడప్పుడు ఊరికే మోగుతుంది; విసుగొచ్చి దాని తీగ తీసేయవద్దు. బండి కదిలే ముందు రెండు వాల్వులూ మూయండి, సిలిండరు నింపించి తగిలించిన ప్రతిసారీ నురగ పరీక్ష చేయండి.